బల్ల మీద రెండు సుద్దముక్కలు

లోర్నా హౌగెన్‌కు ఒంట్లో బాగాలేని రోజులు చాలా తక్కువ. కడుపులో బాగాలేని రోజులు మాత్రం, డెస్మండ్ రఫ్యూస్ ఆ గణితశాఖలో అడుగుపెట్టినప్పటి నుంచీ, కోకొల్లలు. మందుబిళ్లతో తగ్గే నొప్పి కాదది. మధ్యాహ్నం కాఫీ వేళకు మొదలవుతుంది. డెస్మండ్ నవ్వితే ఎక్కువవుతుంది. అతనితో పాటు ఆరిన్ కూడా నవ్వాడంటే ఇక ఆ పూటకు ఆమె మనిషిలో మనిషి కాదు.

ఆరిన్ టాలెఫ్‌సన్ ఆ శాఖకు పెద్దదిక్కు. రిటైరై చాలా ఏళ్లయింది. అయినా సుపీరియర్ సరస్సు మీంచి గాలి ముక్కు కోసేస్తున్నా సరే, రోజూ వచ్చి, మంచుబూట్లు గుమ్మం దగ్గర విడిచి, ఉన్ని మేజోళ్లతో చప్పుడు లేకుండా నడిచి, కాఫీ గదిలో బ్లాక్‌బోర్డుకు ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చుంటాడు. ఆ కుర్చీలో ఇంకెవరూ కూర్చోరు. ఆయన రాసిన రేఖీయ బీజగణితం పుస్తకం చేతపట్టకుండా మిన్నెసోటాలో గణితం పట్టా తీసుకున్నవాళ్లు అరుదు. లోర్నా ఆయన శిష్యురాలు. చదువు పూర్తయ్యాక అక్కడే ప్రొఫెసరుగా స్థిరపడింది. ఆ పుస్తకంలో అచ్చుతప్పులు మొదలుకుని అసలు తప్పుల దాకా ప్రతి ముద్రణకూ ఏరిపెట్టేది ఆమే. ముందుమాట చివర ఆమె పేరు ఉంటుంది, టైపు చేసిపెట్టిన ఆవిడ పేరు తరవాత.

ఇప్పుడు ఆ పుస్తకానికి కొత్త ముద్రణ వస్తోంది. ఆరిన్ చూపు మందగించింది. అట్ట మీద ఇంకొకరి పేరు కూడా ఉండాలని ప్రచురణకర్తలు పట్టుబడుతున్నారు. ఆయన పుట్టినరోజుకు శాఖవాళ్లు ఏటా ఏప్రిల్‌లో ఉపన్యాస సభ పెడతారు. ఆ పేరేదో ఈసారి ఆ సభలోనే చెబుతానని ఆయన అందరి ముందూ అన్నాడు. లోర్నాకు కావలసింది అదొక్కటే. జీతం పెంచమని ఆమె ఏనాడూ అడగలేదు, సరస్సు కనబడే గది కూడా దానంతటదే వచ్చింది. ఆయన పేరు కింద తన పేరు ఉండాలి. ముప్ఫై ఏళ్ల చాకిరీకి అంతకంటే తక్కువ పుచ్చుకోదలచుకోలేదు.

ఆ చోటుకు డెస్మండ్ ఎసరు పెడుతున్నాడని ఆమె అనుమానం.

అనుమానం ఊరికే పుట్టలేదు. దానికో కథ ఉంది. ఆ పుస్తకంలో ఆరో అధ్యాయం దూరాల గురించి. ఊళ్ల మధ్య దూరాలు కావు. ఒకే బిందువు గుండా పోయే గీతలు, తలాలు, బొమ్మ గీయడానికి వీల్లేని ఇంకా పెద్దవి ఉంటాయి. వాటిని గణితంవాళ్లు ఉపాంతరాళాలంటారు. ఒకటి ఇంకొకదానికి ఎంత దూరంలో ఉందంటే, ఎంత కోణంలో ఉందని అర్థం. రెండు గీతలు ఒకదాని మీద ఒకటి పడితే దూరం సున్నా. ఒకదానికొకటి నిట్టనిలువుగా ఉంటే దూరం ఒకటి. ఆ కొలతలో ఒకటిని మించిన దూరం లేదు. రెండు తలాలకూ ఇదే లెక్క. మరి ఒకటి గీత, రెండోది తలం అయితే? ఆరిన్ పుస్తకం అక్కడ తలుపు మూసేస్తుంది. పరిమాణాలు వేరైతే దూరం ఎప్పుడూ ఒకటి, అంటే ఉండగలిగినంత దూరం, ఇక మాట్లాడవద్దు అంటుంది.

లోర్నా ఇరవైరెండేళ్ల పిల్లగా ఆరిన్ క్లాసులో కూర్చున్నప్పుడు ఈ ముక్క దగ్గర చెయ్యెత్తింది. "గీత వెళ్లి ఆ తలంలోనే పడుకుని ఉన్నా దూరం ఒకటేనా? సున్నా కావాలి కదండీ?" అని అడిగింది.

ఆరిన్ సుద్దముక్క పట్టుకునే నవ్వాడు. "మిస్ హౌగెన్‌ని బట్టల కొట్టుకి పంపితే చొక్కాకీ దాని గుండీకీ దూరమెంత అని అడిగొచ్చేలా ఉంది," అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. లోర్నా కూడా నవ్వి కూర్చుంది. ఆ రోజు నవ్విన నవ్వు ఆమెకు ఇప్పటికీ అరగలేదు. ఆ ప్రశ్న మళ్లీ ఎవరి ముందూ ఎత్తలేదు, తనలో తాను కూడా ఎత్తలేదు.

అలాంటిది, కిందటి అక్టోబరులో, కెనడాలోని నోవా స్కోషియా నుంచి కొత్తగా వచ్చిన ఈ డెస్మండ్ కాఫీ గదిలో బోర్డు మీద ఒక తలం గీసి, అందులో ఒక గీత గీసి, "ఇది దీంట్లోనే ఉంది కదా ఆరిన్, దూరం సున్నా అనాలి కదా?" అన్నాడు. అచ్చంగా ఆమె ప్రశ్నే. ఆరిన్ చేతిలో కాఫీ కప్పు పక్కన పెట్టాడు. ఆయన కప్పు పక్కన పెట్టాడంటే ఏదో గొప్ప సంగతని ఆ శాఖలో అందరికీ తెలుసు.

"అసలు అడగాల్సిన ప్రశ్న ఇది," అన్నాడు ఆరిన్. "ఇన్నేళ్లూ ఈ పుస్తకం చదివినవాళ్లు ఒక్కరూ అడగలేదేంటో."

ఒక్కరూ. నిమ్మకాయ కేకు ముక్క లోర్నా గొంతులో వెలక్కాయలా అడ్డం పడింది. ఆ వారం వంతు ఇనెజ్ బాకాది, కిందటేడు చేరిన చిన్న లెక్చరరు, కేకులు చేసుకొచ్చింది ఆమే. "లోర్నా, పులుపెక్కువైందా?" అని కంగారుగా అడిగింది. "లేదు, బాగానే ఉంది," అంది లోర్నా.

అక్కణ్నుంచి ఆ చలికాలమంతా డెస్మండ్ రాజ్యమే. గీతకూ తలానికీ దూరం కొలవడానికి అతను రెండు దారులు పట్టాడు. తలం లోపల తనంతటి గీతల్లో తనకు అతి దగ్గరి గీతను వెతుక్కోవడం గీత పని. గీతను కడుపులో పెట్టుకున్న తలాల్లో తనకు అతి దగ్గరి తలాన్ని వెతుక్కోవడం తలం పని. చిన్నది పెద్దదాని దగ్గరికి వెళ్లినా, పెద్దది చిన్నదాని దగ్గరికి వచ్చినా తేలే దూరం ఒకటే అని అతను చూపించాడు. ఎంత పెద్దవాటికైనా ఆ మాట నిలుస్తుంది. అది అందంగా ఉంది. లోర్నా కడుపుమంటల్లోకెల్లా పెద్దమంట అదే, అది నిజంగా అందంగా ఉంది. చెత్తగా ఉంటే జాలిపడి ఊరుకునేది.

దానికి తోడు సుద్దముక్కల గొడవ ఒకటి. ఆరిన్ దగ్గర పాతకాలపు మంచి సుద్ద ఒక పెట్టెడు ఉండేది. చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. పొడి రాలదు, గీరదు, వెన్నలా రాస్తుంది. గణితంవాళ్లకు అంతకు మించిన ఆస్తి లేదు. ఆ పెట్టెలోంచి ఏటా క్రిస్మస్‌కు ఆయన లోర్నాకు రెండు సుద్దముక్కలు ఇచ్చేవాడు, ఇంకెవరికీ ఇచ్చేవాడు కాదు. ఆ క్రిస్మస్ తరవాత డెస్మండ్ బోర్డు మీద రాస్తుంటే చప్పుడు రాలేదు. లోర్నా చప్పున తలెత్తి చూసింది. అదే సుద్ద. భర్త జేబులో వేరే ఆడదాని రుమాలు కనబడినా ఆమె అంత మండిపడేది కాదేమో, ఆమెకు భర్త లేడు కాబట్టి ఆ పోలిక తేల్చలేం.

మార్చిలో డెస్మండ్ కాగితాల కట్టతో ఆమె గది గుమ్మంలో నిలబడ్డాడు. పొడుగుమనిషి, ఎప్పుడూ తలుపుచట్రానికి తల తగులుతుందేమోనని వంగి నిలబడతాడు.

"లోర్నా, ఇది ఒక్కసారి చూసిపెడతారా? ఏప్రిల్ సభలో చెప్పేది ఇదే. తప్పేదన్నా ఉంటే మీ కంటికే దొరుకుతుందంటున్నాడు ఆరిన్. మీ కన్ను పడనిది ఏదీ అచ్చుకి పంపలేదట ఆయన."

"ఆయన అలాగే అంటాడు. అక్కడ పెట్టు."

"తొందరేం లేదు. నిజం చెప్పొద్దూ, మీకివ్వాలంటే భయంగానే ఉంది."

"భయం మంచిదే," అంది లోర్నా. అతను పెద్దగా నవ్వి వెళ్లిపోయాడు. ఆమె హాస్యమాడలేదు.

అతను వెళ్లగానే తలుపు వేసుకుని చదవడం మొదలుపెట్టింది. తప్పు కోసం చదివినంత శ్రద్ధగా మనిషి ఇంకెందుకూ చదవడు. మొదటి లెమ్మా, అంటే పెద్ద సిద్ధాంతానికి ఎక్కించే మొదటి మెట్టు, బాగుంది. రెండోది బాగుంది. మూడోది చాలా బాగుంది, పళ్లు నూరుకుంది. నాలుగో లెమ్మా దగ్గర ఆగింది. మళ్లీ చదివింది. కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరికి వెళ్లి, సరస్సు మీద ఇంకా కరగని మంచును కాసేపు చూసి, వచ్చి మళ్లీ చదివింది.

అక్కడ ఉంది తప్పు. దూరం అనే మాటకు ఒక నియమం ఉంది. దాన్ని పట్టాలకు వచ్చే పిల్లలకు కూడా మొదటి వారంలోనే చెబుతారు. ఒక చోటు నుంచి మధ్యలో ఇంకో చోటు మీదుగా మూడో చోటికి వెళ్తే, ఆ నడక నేరుగా వెళ్లే నడక కంటే తక్కువ కాకూడదు. డెస్మండ్ తన దూరానికి ఆ నియమం ఉన్నట్టే వాడేశాడు. దూరం అని పేరు పెట్టుకున్న పాపానికి ఉండే ఉంటుందనుకున్నాడు. గణితంవాళ్లు తప్ప ఇంకెవరూ చెయ్యలేని పొరపాటది. పేరు పెడితే గుణం వచ్చేస్తుందని నమ్మడం.

నిజానికి ఆ నియమం నిలవదు. బల్ల మీద రెండు సుద్దముక్కలు ఒకదానికొకటి అడ్డంగా పడుకోబెడితే చాలు. మొదటిది బల్లలో ఉంది, దూరం సున్నా. రెండోదీ బల్లలోనే ఉంది, దూరం సున్నా. బల్ల మీదుగా వెళ్తే ఒకదాని నుంచి ఇంకొకదానికి అసలు దూరమే లేదనాలి. కానీ ఆ రెండూ ఒకదానికొకటి ఉండగలిగినంత దూరంలో ఉన్నాయి.

లోర్నాకు ఎన్నాళ్లకో ఆకలేసింది. కింద క్యాంటీన్‌కు వెళ్లి అడవిబియ్యం సూపు గిన్నెడు తాగింది. తాగుతూనే చేతిరుమాలు కాగితం మీద రాసుకుంటే, మందు కూడా దొరికింది. మధ్యలో వచ్చేది పరిమాణంలో కూడా ఆ రెంటికీ నడుమ ఉంటే నియమం నిలుస్తుంది. డెస్మండ్ పెద్ద సిద్ధాంతానికి అంతకంటే అక్కర్లేదు. ఒక్క వాక్యం చేరిస్తే మొత్తం నిలబడుతుంది.

ఆ శాఖలో ఒక ఆచారం ఉంది. ఆరిన్ పెట్టింది, ఎక్కడా రాసిలేదు. ఎవరి పనిలోనైనా తప్పు కనబడితే వాళ్ల గుమ్మం దగ్గరికి వెళ్లి, చట్రం మీద తట్టి, అక్కడికక్కడే చెప్పెయ్యాలి. సభలో చెప్పకూడదు, వెనక చెప్పకూడదు, దాచుకోకూడదు. ఆరిన్ గుమ్మం మీద అందరికంటే ఎక్కువసార్లు తట్టింది లోర్నాయే. ఆ సంగతి ఆమెకు గర్వం కూడా.

అందుకే వెళ్లింది. వెళ్లలేదని ఆమె మీద నింద వెయ్యడానికి లేదు. కాగితాలు చేతబట్టుకుని నడవా దాటి డెస్మండ్ గది దాకా వెళ్లింది. తలుపు ఓరగా వేసి ఉంది. తట్టడానికి చెయ్యెత్తేసరికి లోపల్నుంచి ఆరిన్ నవ్వు వినిపించింది. పొట్ట పట్టుకుని నవ్వే నవ్వు. ఆమె గదిలో ఆయన అలా నవ్వి ఎన్నేళ్లయిందో ఆమెకు గుర్తు రాలేదు. ఎత్తిన చెయ్యి దించుకుని వెనక్కి వచ్చేసింది.

రెండు రోజులాగి డెస్మండ్ అడిగాడు. "చూశారా?"

"చూశాను. చక్కగా ఉంది."

"ఏం దొరకలేదా?"

"అక్కడక్కడ కామాలు. మార్క్ చేశాను."

అతను గుండెల మీద చెయ్యి వేసుకుని ఊపిరి వదిలాడు. "బతికించారు. ఇక నాకు భయం లేదు."

సభనాటికి మంచు కరిగి దారులన్నీ బురదయ్యాయి. పక్క రాష్ట్రాల నుంచి ఆరిన్ పాత శిష్యులు వచ్చారు. హాలు నిండింది. గుమ్మం దగ్గర బూట్ల వరస నడవా మలుపు దాకా పోయింది. ఆరిన్ ముందు వరసలో, కోటు మీద ఎవరో పెట్టిన పువ్వుతో, పిల్లాడిలా కాళ్లూపుతూ కూర్చున్నాడు. లోర్నా మూడో వరసలో కూర్చుంది. కోటు జేబులో కిందటి క్రిస్మస్‌కు ఆరిన్ ఇచ్చిన సుద్దముక్కలు రెండూ ఉన్నాయి. ఆమె ఆలోచన సూటిగానే ఉంది. నాలుగో లెమ్మా దగ్గర లేస్తుంది, అడుగుతుంది. డెస్మండ్ నోరు పెగలదు. ఆరిన్ చూస్తాడు. ఎవరి కన్ను ఎలాంటిదో ఆ ముసలాయనకు మళ్లీ గుర్తొస్తుంది. ఆ తరవాత అట్ట మీదికి పేరు ఎంచడం ఆయనకు కష్టం కాదు.

డెస్మండ్ బోర్డు ముందు వంగి నిలబడి, గొంతు సవరించుకుని, ఆమె ఊహించని పని చేశాడు.

"మొదలుపెట్టే ముందు ఒక్క మాట," అన్నాడు. "ఇందులో ప్రతి పంక్తీ లోర్నా హౌగెన్ చదివారు. రోజుల తరబడి దగ్గర పెట్టుకుని చదివారు. ఆవిడ చూశాక కూడా ఏదన్నా తప్పు మిగిలిందంటే అది ఆ తరవాత నేను చేసినదే అయ్యుంటుంది."

హాలు మర్యాదగా నవ్వింది. ఇనెజ్ వెనక్కి తిరిగి లోర్నా వైపు సంతోషంగా చూసింది. లోర్నా చెవులు వేడెక్కాయి. ఇలా థాంక్స్ చెప్పడం వాళ్లలో మామూలే. అతను చెబుతాడని ఆమెకు తట్టకపోవడమే వింత. ఎప్పుడూ అతను తన దగ్గర్నుంచి ఏం లాక్కుంటున్నాడో లెక్కపెట్టుకుంది కానీ, ఏమన్నా ఇస్తాడేమోనని చూడనేలేదు.

అప్పుడైనా ఊరుకోవచ్చు. ఊరుకుందామనే అనుకుంది. మొదటి లెమ్మా అయింది, రెండోది అయింది. చిన్నది పెద్దదాన్ని వెతుక్కోవడం, పెద్దది చిన్నదాన్ని వెతుక్కోవడం, రెండూ ఒకటేనని తేలిన చోట ఆరిన్ కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నాడు. ముప్ఫై ఏళ్లలో ఆమె రాసిన ఏ పంక్తికీ ఆయన కళ్లు తుడుచుకోలేదు. అది చూశాక ఆమెకు ఒళ్లు తెలియలేదు. నాలుగో లెమ్మా బోర్డు మీద పడుతుండగానే చెయ్యెత్తి, పిలవకముందే లేచి, ముందుకు నడిచింది.

"ఒక చిన్న సందేహం, డెస్మండ్."

"అడగండి."

జేబులోంచి సుద్దముక్కలు తీసి బల్ల మీద ఒకదానికొకటి అడ్డంగా పడుకోబెట్టింది. "ఈ బల్ల నీ తలం అనుకో. ఈ సుద్దముక్క నుంచి బల్లకి దూరమెంత, నీ లెక్కలో?"

"సున్నా."

"బల్ల నుంచి ఈ రెండోదానికి?"

"అదీ సున్నా..." అని డెస్మండ్ ఆగాడు. ముందు అతని మెడ ఎర్రబడింది, తరవాత చెవులు.

"ఈ సుద్దముక్క నుంచి ఆ సుద్దముక్కకి?"

"ఒకటి."

"సున్నాకి సున్నా కలిపితే ఒకటి ఎక్కణ్నుంచి వచ్చింది?"

వెనక వరసల్లో ఎవరో నవ్వబోయి ఆపేశారు. డెస్మండ్ సుద్దముక్కల వైపే చూస్తూ నిలబడ్డాడు. లోర్నాకు ఒక్క క్షణం చల్లగా అనిపించింది. తరవాత గమనించింది, హాల్లో ఎవరూ డెస్మండ్‌ను చూడడం లేదు. అందరూ ఆమెనే చూస్తున్నారు. ప్రతి పంక్తీ చదివారని ఇందాక విన్నవాళ్లే అందరూ. కూడిక చెయ్యడం చేతకానివాళ్లెవరూ ఆ హాల్లో లేరు.

ఆరిన్ ముందు వరసలోంచి నెమ్మదిగా అడిగాడు. "లోర్నా, దీనికి మందుందా?"

ఉందో లేదో తెలియదని అనవచ్చు. ఆలోచించాలి అనవచ్చు. కానీ ఆయన అడిగితే తెలియదనడం ఆమెకు ఎన్నడూ చేతకాలేదు.

"ఉంది. మధ్యలోది పరిమాణంలో కూడా ఆ రెంటికీ నడుమ ఉండాలి. చిన్నదానికంటే చిన్నది కాకూడదు, పెద్దదానికంటే పెద్దది కాకూడదు. అలా అయితే నిలుస్తుంది. పదకొండో పేజీలో పెద్ద సిద్ధాంతానికి అతను వాడింది అలాంటి సందర్భమే, కాబట్టి దానికేం భయంలేదు," అంది గడగడా.

పేజీ నంబరు నోటికి వచ్చేశాక గానీ తను ఏమందో ఆమెకు వినిపించలేదు.

డెస్మండ్ బోర్డు వైపు తిరిగి ఆ షరతు రాశాడు. "థాంక్యూ, లోర్నా. దీనికి హౌగెన్ ఉదాహరణ అని పేరు పెడతాను," అన్నాడు. గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఎత్తిపొడిచి ఉంటే ఆమెకు కాస్త తేలికయ్యేది. తరవాత ఐదో లెమ్మా చెప్పాడు, పెద్ద సిద్ధాంతం చెప్పాడు, జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

విందుకు అందరూ బయల్దేరుతుంటే నడవాలో ఆరిన్ బెంచీ మీద కూర్చుని బూట్లు తొడుక్కుంటున్నాడు. లోర్నా ఎప్పటిలాగే ఒంగి తాళ్లు కట్టబోయింది. ఆయన కాళ్లు వెనక్కి తీసుకున్నాడు.

"నేను కట్టుకుంటాలే. ఎప్పుడు చూశావది?"

ఆమె జారిన తాడు కొసను ఆయన చేతికి అందించింది.

"మొదటిసారి చదివినప్పుడే చూసుంటావు. నీ సంగతి నాకు తెలీదా?"

"చూశాను."

"అతని గుమ్మం ఎంత దూరముంది నీ గదికి?"

ముప్ఫై ఏళ్లుగా మింగినదంతా అప్పుడు పైకి తన్నుకొచ్చింది. "ఆ ప్రశ్న నాది, ఆరిన్. గీత తలంలో ఉంటే సున్నా కావాలి కదా అని మీ క్లాసులో నేనడిగాను. మీరు చొక్కా గుండీ అని నవ్వారు. క్లాసంతా నవ్వింది. వాడు అడిగితే మాత్రం కప్పు పక్కన పెట్టారు. ఒక్కరూ అడగలేదన్నారు, నేను పక్కనే నిలబడి ఉండగా."

ఆరిన్ బూటు తాడు వదిలేసి ఆమె ముఖంలోకి చూశాడు. గుర్తు తెచ్చుకోవడానికి నిజంగానే కష్టపడ్డాడు. రాలేదు.

"అడిగావా?" అన్నాడు. "నాకు గుర్తులేదమ్మా. నవ్వే ఉంటాను, నవ్వలేదనను. వాడిక్కూడా నవ్వానుగా."

"ఎవరికి?"

"డెస్మండ్‌కి. వచ్చిన కొత్తలో నా ఇంటికొచ్చి అదే అడిగాడు. ఇదే చొక్కా గుండీ కబురు చెప్పాను అనుకుంటా, నా దగ్గర ఉన్న హాస్యాలు ఎన్నని. ముఖం మాడ్చుకుని పోయాడు. మర్నాడు మళ్లీ వచ్చాడు. మళ్లీ నవ్వాను. ఆ మర్నాడు కాఫీ గదిలో బోర్డు మీద గీసి మరీ అడిగాడు. అప్పుడు కప్పు పక్కన పెట్టాను." ఆయన ఆమె వైపు తిరిగాడు. "నువ్వు మర్నాడు ఎందుకు రాలేదు, లోర్నా?"

ఆ మర్నాడు ఏం చేసిందో కూడా ఆమెకు గుర్తులేదు. అలిగి కూర్చుని ఉంటుంది. ఆ అలకను ముప్ఫై ఏళ్లు పెంచి పోషించింది.

"ఇవాళ నీ పేరే చెబుదామని వచ్చాను," అన్నాడు ఆరిన్, మళ్లీ తాడు అందుకుంటూ. "ఇంకెవరిది చెబుతాను? ఆ పుస్తకంలో తప్పులన్నీ తీసింది నువ్వేగా. కానీ నేను పోయాక కూడా అందులో తప్పులు బయటపడతాయి. అవి చూసినవాళ్లు చూసిన పూటే చెప్పాలి. పిల్లలు చదివే పుస్తకం."

"చెబుతాను, ఆరిన్."

"నిన్నటిదాకా అయితే నమ్మేవాణ్ని," అన్నాడు ఆయన. అందులో కోపం లేదు. కర్ర పట్టుకుని లేచాడు. ఆమె చెయ్యి ఆసరా ఇస్తే కాదనకుండా పట్టుకున్నాడు గానీ, సభకు ముగింపైన ఆ విందులో పేరు మాత్రం ఎవరిదీ చెప్పలేదు.

మరుసటి సెప్టెంబరుకు పుస్తకం వచ్చింది. అట్ట మీద ఆరిన్ పేరు కింద డెస్మండ్ పేరుంది. ఆరో అధ్యాయం చివర కొత్త భాగం చేరింది. అందులో బల్లా రెండు సుద్దముక్కలూ బొమ్మతో సహా ఉన్నాయి. కింద హౌగెన్ ఉదాహరణ అని రాసి ఉంది. ఆమె పేరు చిన్న అక్షరాల్లోంచి పెద్ద అక్షరాల్లోకి వచ్చింది. ఒకే బల్లకు చెందిన రెండు వస్తువులు ఒకదానికొకటి ఎంత దూరం కాగలవో చూపించడానికి వచ్చింది. ఆ పేజీ పాఠం చెప్పేటప్పుడు లోర్నా విద్యార్థుల వైపు చూడదు, బోర్డు వైపు తిరిగి చెబుతుంది.

డెస్మండ్ నడవాలో ఎదురైతే నవ్వుతూనే పలకరిస్తాడు. వాతావరణం గురించి, సరస్సులో చేపల గురించి మాట్లాడతాడు. కాగితాలు మాత్రం మళ్లీ ఆమె బల్ల మీద పెట్టలేదు.

నవంబరులో ఒక మధ్యాహ్నం కాఫీకి వెళ్తూ ఇనెజ్ గది ముందు ఆగింది. ఇనెజ్ బల్ల మీద ఒక కట్ట ఉంది. మొదటి పేజీ మీద కాఫీ కప్పు గుండ్రని మరక, కింద డెస్మండ్ వంకర దస్తూరీ. లోర్నా కడుపులో పాత నొప్పి మెలిపెట్టింది. ఒకప్పుడు అతను కాగితాలు ఇస్తే మండింది, ఇప్పుడు ఇంకెవరికో ఇచ్చాడని మండుతోంది. గుమ్మంలో నిలబడే, తలకిందులుగా ఉన్న ఆ పేజీని చదివింది. చదవకుండా ఉండడం ఆమె వల్ల కాదు. కింది నుంచి మూడో పంక్తిలో తప్పుంది.

అక్కడే నిలబడింది. కాఫీ గదిలోంచి ఆరిన్ నవ్వు వినిపిస్తోంది. కాసేపటికి చెయ్యెత్తి తలుపుచట్రం మీద తట్టింది.

ఇనెజ్ తలెత్తింది. "రండి, లోర్నా."

"కింది నుంచి మూడో పంక్తి. ఆ రెండు ఉపాంతరాళాలూ ఒకే పరిమాణమని చెప్పకుండా వాడేశాడు."

ఇనెజ్ కాగితం మీదికి ఒంగి చూసి, పెన్సిలుతో గుర్తు పెట్టుకుంది. "అరె, నిజమే. రెండుసార్లు చదివాను, నాకు కనబడనేలేదు. మీరు చూశారని చెబుతాను అతనికి."

చెప్పు, నా పేరు మరీ మరీ చెప్పు అనే మాట లోర్నా నాలుక చివరి దాకా వచ్చింది.

"నువ్వే చూశావని చెప్పు," అంది. కాఫీ గది దాకా నడిచినంతసేపూ ఆమె కడుపు మండుతూనే ఉంది.